మార్కు సువార్త నోట్స్ పుస్తకం: ముందుమాట ఒక దారి, అచ్చు ఇంకో దారి

బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్ని నాలుగు విడి పుస్తకాలుగా, పాఠం పక్కనే నోట్స్ పెట్టి వేసిన సెట్ ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. అందులో మార్కు ఒక్కటే మొదటినుంచి చివరిదాకా చదివాను, అదీ రెండుసార్లు, కాబట్టి ఈ రివ్యూ దాని మీదే. ఎవరు వేశారో పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నా గొడవ వాళ్ళొక్కరితోనే కాదు. నేను చూసిన ఇలాంటి నోట్స్ పుస్తకాలన్నీ కాస్త అటూ ఇటుగా ఇదే పని చేస్తున్నాయి.

ముందే చెప్పేస్తాను. ముందుమాట బాగుంది, నోట్స్ సగం బాగున్నాయి, పేజీలు పేర్చిన తీరు మాత్రం ఆ ముందుమాట చెప్పిందంతా చెడగొట్టింది.

ముందుమాట పన్నెండు పేజీలు. నాలుగు సువార్తల్లో ఇదే చిన్నది, 16 అధ్యాయాలు, ఎక్కువమంది పండితుల లెక్క ప్రకారం ముందు రాసింది ఇదే, మత్తయి, లూకా దీన్ని దగ్గర పెట్టుకునే రాశారు, కాలం సుమారు క్రీ.శ. 65కీ 75కీ మధ్య. ఎవరికోసం అంటే, యూదులు కాని విశ్వాసుల కోసం, సంప్రదాయం చెప్పేదాన్ని బట్టి రోములో ఉన్నవాళ్ళకోసం. ఇంతవరకూ పేచీ లేదు. దాని కిందే ఒక రంగు డబ్బా గీసి అందులో "ముఖ్యాంశాలు" అని దేవుని కుమారుడు, శ్రమలు, శిష్యత్వం, రహస్యం అని నాలుగు మాటలు పెట్టారు. ఆ డబ్బా చూడగానే నాకు పరీక్ష టెన్షన్ గుర్తొచ్చింది. చదవబోయేదాని జవాబు ముందే చేతిలో పెడితే ఇక కథ ఎందుకు చదువుతాం, ఆ నాలుగు మాటలు ఎక్కడెక్కడ వస్తాయో టిక్కులు పెట్టుకుంటూ పోతాం. నేను మొదటిసారి అచ్చంగా అలాగే చదివాను, ఏమీ ఎక్కలేదు.

అసలు ఈ "ఎవరికోసం" అన్న ప్రశ్నకి మార్కులో నేరుగా జవాబు లేదు. లూకా అయితే ఘనత వహించిన థెయొఫిలా అని పేరు పెట్టి పిలిచి మరీ మొదలుపెడతాడు. యోహాను 20:31లో ఇవి ఎందుకు రాయబడ్డాయో తనే చెప్తాడు. మార్కు మాత్రం ఎవర్నీ పలకరించడు, ఒక్క వాక్యంలో తలుపు తీసి నేరుగా యొర్దాను ఒడ్డుకి లాక్కుపోతాడు. పుట్టుక కథ లేదు, వంశావళి లేదు. మరి పాఠకుడెవరో ఎలా తెలిసింది? అతను ఏది విడమరిచి చెప్పాడో, ఏది చెప్పకుండా వదిలేశాడో చూసి పట్టుకోవాలి. ఇది డిటెక్టివ్ పనిలాంటిది, చాలా సరదాగా ఉంటుంది. ఈ పుస్తకం ఆ సరదా పాఠకుడికి దక్కనివ్వలేదు, అదే నా మొదటి కంప్లయింట్.

ఉదాహరణకి తలీతాకుమీ (5:41), కొర్బాను (7:11), ఎప్ఫతా (7:34), గొల్గొతా (15:22), సిలువ మీద ఎలోయీ ఎలోయీ అన్న కేక (15:34), ఇవన్నీ మార్కు ముందు అరామిక్‌లోనో హెబ్రీలోనో వినిపించి, వెంటనే అంటే ఇదీ అని అర్థం చెప్తాడు. విన్నవాళ్ళకి ఆ భాష వచ్చుంటే ఈ శ్రమ దేనికి? 7వ అధ్యాయంలో చేతులు కడుక్కోవడం గురించి, గిన్నెలు చెంబులు కడగడం గురించి రెండు వచనాలు ఆగి వివరిస్తాడు, యూదుడికి ఎవడైనా అది చెప్తాడా? మత్తయి అదే సంఘటన రాస్తూ ఆ వివరణ తీసేశాడు, ఆయన పాఠకులకి అక్కర్లేదు కనుక. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, పాఠకులెవరో చదివేవాడికే తెలిసిపోతుంది. నోట్స్‌లో ఏముందంటే, ప్రతి చోటా "ఇది అరామిక్ మాట" అని ఒక్క ముక్క. ఐదుసార్లు అదే ముక్క. దానికీ ముందుమాటలో చెప్పిన పాఠకులకీ లంకె వెయ్యలేదు.

లాటిన్ మాటల సంగతి ఇంకా అన్యాయం. బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన చోట (12:42) గ్రీకు మూలంలో మార్కు ఆ రెండు చిల్లర నాణేలూ కలిపితే ఒక కొద్రాంతేసు అని రోమన్ నాణెం పేరుతో లెక్క చెప్తాడు. అంటే వాళ్ళ నాణెం పేరు చెప్పి, దాన్ని మనకి తెలిసిన నాణెంలోకి మార్చి చెప్పడమే. సిలువ దగ్గర శతాధిపతిని కూడా లాటిన్ మాటతోనే పిలుస్తాడు, మత్తయీ లూకా గ్రీకు మాట వాడిన చోట. దయ్యం పట్టినవాడు తన పేరు సేన అన్నాడే, అక్కడ మూలంలో ఉన్నది రోమన్ సైన్యపు లెగియోను. తెలుగులో ఇవేవీ కనపడవు, కనపడవు కాబట్టే కదా నోట్స్ కావాలి! విధవరాలి దగ్గర మాత్రం నోట్ ఏమంటుందయ్యా అంటే, మనం కూడా ఉదారంగా ఇవ్వాలి అని. సరే, ఇద్దాం. నాణెం సంగతేంటి మరి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం 15:21. సిలువ మోయడానికి దారిన పోయే సీమోను అనే కురేనీయుణ్ణి పట్టుకుంటారు. ఇతను అలెక్సంద్రుకీ రూఫుకీ తండ్రి అని రాస్తాడు మార్కు. ఈ ఇద్దరు కొడుకులూ కథలో ఇంకెక్కడా రారు, ఏమీ చెయ్యరు. మత్తయి, లూకా ఆ పేర్లు వదిలేశారు. అంటే మార్కు ముందు కూర్చున్నవాళ్ళకి ఆ ఇద్దరూ తెలుసన్నమాట, మన రూఫు వాళ్ళ నాన్నే అన్నట్టు చెప్పాడు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 16:13లో ఒక రూఫుకి వందనాలు చెప్తాడు, ఇద్దరూ ఒకరేనని రుజువు చెయ్యలేం గానీ చదువుతుంటే మనసు అటే లాగుతుంది. ఈ వచనం దగ్గర నోట్స్ ఖాళీ. అక్కడ పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను.

రోమేనా అంటే, పుస్తకం మరీ ఖాయంగా చెప్పేసిందనిపించింది. రోము అన్న సంప్రదాయానికి బలం ఉంది. రెండో శతాబ్దం మొదట్లో పాపియా అనే సంఘ పెద్ద చెప్పిన మాటని నాలుగో శతాబ్దంలో యూసేబియు తన సంఘ చరిత్రలో ఎత్తి రాశాడు, మార్కు పేతురుకి దుబాసీ, గుర్తున్నంతవరకు సరిగ్గానే రాశాడు గానీ వరసలో కాదు అని. పేతురు చివరికి రోములోనే ఉన్నాడన్నది పాత సంప్రదాయం. కానీ సిరియా ప్రాంతం అనేవాళ్ళు కూడా ఉన్నారు, రోము మీద యూదులు తిరగబడ్డ యుద్ధం సెగ తగులుతున్న చోట, యుద్ధాల గురించి, దేవాలయం కూలడం గురించి యేసు చెప్పే 13వ అధ్యాయం చదివితే వాళ్ళ వాదన కొట్టిపారేసేలా లేదు. లాటిన్ సైనిక మాటలు రోమన్ సైన్యం ఉన్న ప్రతిచోటా వినపడేవి కదా. ఈ రెండో పక్షానికి ముందుమాటలో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

ఎక్కడైనా సరే, భయంలో ఉన్నవాళ్ళు అన్నది మాత్రం పాఠంలోనే ఉంది. 64 జులైలో రోము తగలబడ్డాక నీరో చక్రవర్తి నింద క్రైస్తవుల మీదికి తోసి వాళ్ళని ఎలా చంపించాడో రోమన్ చరిత్రకారుడు తాసితు రాశాడు, మృగాల తోళ్ళు చుట్టి కుక్కలకి వెయ్యడం, సిలువలు, రాత్రి దీపాల్లా కాల్చడం. ఇప్పుడు మార్కు 10:30 తెరవండి. అన్నీ వదిలి వచ్చినవాళ్ళకి ఇళ్ళు, అన్నదమ్ములు, భూములు నూరంతలు దొరుకుతాయని చెప్తూ మధ్యలో "హింసలతో పాటు" అని ఒక మాట ఇరికిస్తాడు. ఇది మార్కులోనే ఉంది. అరణ్యంలో యేసు అడవిమృగాలతో ఉన్నాడన్న ముక్క (1:13) కూడా ఇతను తప్ప ఎవరూ రాయలేదు. అరీనాలో మృగాల పాలైనవాళ్ళ సొంతవాళ్ళు ఆ ముక్క వింటే ఎలా ఉండుంటుంది? ఇది ఊహే, ఒప్పుకుంటాను. నోట్స్ రాసినవాళ్ళు 10:30 దగ్గర దీవెనల గురించి పది లైన్లు రాసి హింసల మీద ఒక్క లైను కూడా రాయలేదు, అది మాత్రం ఊహ కాదు, పేజీ తెరిచి చూసుకోండి.

ఇక అచ్చు సంగతికొస్తాను, ఎందుకంటే ఇక్కడే పుస్తకం తన కాళ్ళు తనే నరుక్కుంది.

మార్కుకి ఒక అలవాటుంది. ఒక కథ మొదలుపెడతాడు, మధ్యలో ఆపి ఇంకో కథ దూరుస్తాడు, మళ్ళీ మొదటిదానికి వస్తాడు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, యేసు బయల్దేరాడు, దారిలో రక్తస్రావమున్న స్త్రీ అడ్డం వచ్చింది. ఆవిడ జబ్బుకి పన్నెండేళ్ళు, ఆ పాపకీ పన్నెండేళ్ళు. ఆవిడతో మాట్లాడుతున్న ఆ కాసేపట్లోనే పాప చనిపోయిందని కబురు వస్తుంది. ఆ ఆలస్యం మనకి గుచ్చుకోవాలి, యాయీరు పక్కన నిలబడి మనమూ కాళ్ళు కాలినట్టు అటూ ఇటూ తిరగాలి. ఈ పుస్తకంలో ఆ కథని మూడు హెడ్డింగులతో మూడు ముక్కలు చేసి, రెండో ముక్క తర్వాత అర పేజీ బొమ్మ, ఆ కింద ధ్యాన ప్రశ్నలు పెట్టారు. తర్వాతి పేజీ తిప్పేసరికి యాయీరు ఎవరో మర్చిపోతాం. అంజూరపు చెట్టు సంగతీ ఇంతే. చెట్టుని శపించడం, తర్వాత దేవాలయంలో బల్లలు పడదోయడం, మర్నాడు వేళ్ళతో సహా ఎండిన చెట్టు కనపడటం, ఈ మూడూ ఒకే ఊపిరిలో చదివితే చెట్టు దేవాలయానికి గుర్తని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ దేవాలయం 70లో రోమన్ సైన్యం చేతిలో నేలమట్టమైంది. విడదీసి వేస్తే మిగిలేది పాపం చెట్టు మీద కోపమెందుకు అన్న ప్రశ్న మాత్రమే, నోట్స్ సరిగ్గా ఆ ప్రశ్నే వేసుకుని రెండు పేరాలు తంటాలు పడింది.

శిష్యుల విషయంలో ఇంకా పెద్ద నష్టం. 8:22 నుంచి 10:52 వరకు ఉన్న భాగం ఈ సువార్తకి నడుము లాంటిది. బేత్సయిదాలో గుడ్డివాడికి చూపు రెండు విడతల్లో వస్తుంది, మొదటిసారి మనుషులు నడుస్తున్న చెట్లలా కనపడతారు. వెంటనే పేతురు నీవు క్రీస్తువు అంటాడు, మరుక్షణమే శ్రమపడే క్రీస్తు నాకొద్దన్నట్టు మాట్లాడి సాతానా అనిపించుకుంటాడు. అంటే అతనికీ చూపు సగమే వచ్చింది, చెట్లే కనపడుతున్నాయి. తర్వాత యేసు తన చావు గురించి మూడుసార్లు చెప్తాడు (8:31, 9:31, 10:33), మూడుసార్లూ వీళ్ళు తప్పుగానే అర్థం చేసుకుంటారు, రెండోసారైతే ఆ మాట విన్న వెంటనే మనలో ఎవరు గొప్ప అని దారంతా పోట్లాడుకుంటారు. మూడోసారి యాకోబు, యోహాను పక్క సీట్లు అడుగుతారు. దానికి జవాబే 10:45, పరిచారం చేయించుకోవడానికి కాదు చేయడానికి వచ్చాను అన్న మాట. ఆ భాగం చివర మళ్ళీ ఒక గుడ్డివాడు, బర్తిమయి, ఇతనికి ఒక్కసారిగా చూపొస్తుంది, లేచి ఆ దారినే వెంట వెళ్తాడు. ఇంత చక్కగా అల్లినదాన్ని ఈ పుస్తకం రెండు చోట్ల "గుడ్డివాని స్వస్థత" అని ఒకే హెడ్డింగ్ పెట్టి అద్భుతాల పట్టికలో చేర్చేసింది! మొదటి గుడ్డివాడికి రెండు విడతలు ఎందుకు పట్టిందంటే అతనికి విశ్వాసం చాల్లేదట. పాఠంలో ఆ మాట ఎక్కడా లేదు, పైగా తప్పంతా ఆ గుడ్డివాడి మీదికి నెట్టి పేతురుని కాపాడినట్టైంది.

మార్కు పేతురుని కాపాడడు, ఎవర్నీ కాపాడడు. అందరూ వదిలేసి పారిపోయారు అని రాస్తాడు, నారబట్ట కూడా వదిలేసి దిగంబరుడై పరుగెత్తిన ఒక కుర్రాడిని కూడా వదలకుండా రాస్తాడు (14:51). విచారణని పేతురు కథ మధ్యలో పెట్టి లోపల యేసు తానెవరో ఒప్పుకుంటున్న వేళ బయట ఇతను ఎరగనంటున్నాడని చూపిస్తాడు. హింసల కాలంలో భయపడి నేను క్రైస్తవుణ్ణి కాదని చెప్పి బయటపడ్డవాళ్ళు ఆ సంఘాల్లో ఉండే ఉంటారు, వాళ్ళు సభలో కూర్చుని ఇది వింటున్నట్టు ఊహించుకుంటే నాకు ఈ సువార్త మొత్తం వేరేగా వినిపించింది.

రహస్యం గురించి నోట్స్ పర్వాలేదు. ఎవరితోనూ చెప్పవద్దని యేసు పదే పదే అనడాన్ని 1901లో విలియం వ్రేదె అనే జర్మన్ పండితుడు పెద్ద చర్చగా మార్చాడని చెప్పి, ఆయన వాదన కొంచెం, దానికి వచ్చిన అభ్యంతరాలు కొంచెం ఇచ్చారు. ఇదొక్కటే ఇద్దరి మాటా విన్న చోటు. అయితే 5:19 మర్చిపోయారు. సేన పట్టినవాడు బాగయ్యాక యేసు అతనికి మాత్రం వెళ్ళి చెప్పు అంటాడు, అతను దెకపొలిలో చాటుతాడు. అది అన్యులు, అంటే యూదులు కానివాళ్ళు, ఎక్కువగా ఉండే ప్రాంతం. చెప్పమన్న చోటు అన్యుల చోటు, మరి పాఠకులూ అన్యులే. ఇంతకన్నా తేలిగ్గా ముందుమాటకీ పాఠానికీ ముడి వేసే అవకాశం దొరకదు.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. మొదటి వచనంలో "దేవుని కుమారుడైన" అన్న మాట సైనాయి ప్రతి అనే పాత గ్రీకు చేతిరాత బైబిల్లో మొదట రాసిన చేతిరాతలో లేదని దాచకుండా చెప్పారు. ఆకాశం చీలడానికి (1:10), దేవాలయపు తెర చినగడానికి (15:38) గ్రీకులో ఒకే క్రియ అని చూపించిన నోట్ నిజంగా బంగారం. తెలుగులో రెండు మాటలు కాబట్టి నేనైతే జన్మలో పట్టుకునేవాణ్ణి కాదు. అక్కడే, తెర చినిగిన వెంటనే, సిలువ వేయించిన సైన్యానికి చెందిన శతాధిపతి "నిజముగా ఈ మనుష్యుడు దేవుని కుమారుడే" అంటాడు. అంతవరకు ఆ మాట పరలోకపు స్వరం చెప్పింది, దయ్యాలు చెప్పాయి, కథలో మనుషులెవరూ అనలేదు. మనకి మొదటి వాక్యంలోనే తెలిసిన సంగతి వాళ్ళలో ఒకడికి తెలియడానికి పదిహేను అధ్యాయాలు పట్టింది, ఆ ఒకడూ రోమన్.

ఆడియో కూడా ఇచ్చారు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వస్తుంది. ఐడియా మంచిది. ఆరోజుల్లో చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమందే, ఒకరు గట్టిగా చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళు, 13:14లో "చదువువాడు గ్రహించుగాక" అన్నది ఆ ఒకరి కోసమే కావచ్చు. కానీ ఈ గొంతు మరీ నెమ్మది, ప్రతి వాక్యం తర్వాత సంతాప సభలోలా ఆగుతుంది. మూలంలో "వెంటనే" అన్న మాట నలభైసార్లకు పైగా ఉన్న పుస్తకమయ్యా ఇది! గంటన్నరలో అయిపోవాల్సింది రెండున్నర గంటలు పట్టింది.

ముగింపు దగ్గర మాత్రం నాకు కోపమే వచ్చింది. సైనాయి, వాటికన్ ప్రతులు, రెండూ నాలుగో శతాబ్దానివి, 16:8తో ఆగిపోతాయి. స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వణుకుతూ పారిపోయారు, భయపడినందున ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే. 9 నుంచి 20 దాకా ఉన్నది తర్వాత చేరిందని ఎక్కువమంది అభిప్రాయం. ఆ భాగం వెయ్యొద్దనడం లేదు, ఎంతోమందికి అది ప్రియమైన పాఠం. కనీసం ఒక గీతో, కాస్త ఖాళీనో ఉండాలి కదా. వీళ్ళు అదే పేరాలో కలిపేసి, సంగతిని వెనక అనుబంధంలో చీమల్లాంటి అక్షరాల్లో పెట్టారు. 8వ వచనం దగ్గర ఆగితే యేసు లేచాడన్న కబురు ఇప్పుడు ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న వింటున్నవాడి ఒళ్ళో పడుతుంది. కలిపి చదివితే ఆ ప్రశ్నే పుట్టదు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. కాగితం మందంగా ఉంది, పెన్ను ఇంకు అవతలికి దిగట్లేదు. కుట్టు గట్టిది. మ్యాప్ బాగుంది, గలిలయ నుంచి యెరూషలేము దాకా దారి కళ్ళకి కడుతుంది. అధ్యాయం చివరి ప్రశ్నలు దండగ.

స్టడీ గ్రూపు నడిపేవాళ్ళు తీసుకోవచ్చు, ముందుమాట పనికొస్తుంది. మొదటిసారి మార్కు చదవబోయేవాళ్ళు మాత్రం హెడ్డింగులూ నోట్సూ లేని మామూలు పాఠం కూర్చున్నచోటే ఒక్కసారిగా చదివి, ఆ తర్వాత దీని దగ్గరికి రండి, ముందుమాట అన్నిటికన్నా ఆఖర్న. నేను రెండోసారి అలాగే చేశాను. ఐదుకి మూడు స్టార్లు, అందులో ఒకటి ఆ చీలిన ఆకాశం నోట్‌కే. ఇదే సెట్‌లో లూకా ఇంకా ముట్టుకోలేదు, తెరిచి చూస్తే థెయొఫిలా పేరు మీద "ఉపోద్ఘాతం" అని హెడ్డింగ్, పక్కన మళ్ళీ రంగు డబ్బా.